లోపలి గడియ

లోడు మాట్లాడదు. మా షెడ్డులో అడుగుపెట్టిన కొత్తలో నేను నేర్చుకున్నది అదే. ఇటుకలైనా, ఇసుకైనా, వడ్ల బస్తాలైనా ఎక్కడ వేస్తే అక్కడ పడి ఉంటాయి, ఎలా కడితే అలా ఉంటాయి. ఉక్కపోస్తోంది అనవు. దించమని అరవవు. అలాంటి లోడు కోసం బండ్లు కట్టీ కట్టీ చేతులు పండిన వాళ్ళం మేము. అట్లాంటి మా చేతికి ఒకసారి మనుషులు పడుకునే బండి వచ్చింది. ఇప్పుడు పికప్‌లకూ జీపులకూ గుడారాలు బిగించే పనిలో చాలామంది పిల్లలు ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందేమోనని ఆ సంగతి చెబుతున్నాను. నా చదువు నాలుగో తరగతి దాటలేదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

మేడ్చల్ రోడ్డు పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డు మాది. మాది అంటే నేను పనిచేసినది. మచ్చ బొల్లారంలో ఇంటి దగ్గర జాకెట్లు కుట్టుకునేదాన్ని. ఆ షెడ్డులో పట్టాలు కుట్టే మనిషి దుబాయ్ పోయాడని ఎవరో అంటే వెళ్ళి అడిగాను. పట్టా అంటే లోడు మీద కప్పే టార్పాలిన్. ఇనుప పని చేసే ఉస్తాద్ నన్ను పైనుంచి కిందకు చూసి, మాట్లాడకుండా నా చేతిలో దబ్బనం పెట్టాడు. కుట్టాను. కుట్టును రెండు చేతులా పట్టి లాగాడు. ఊడలేదు. అంతే, తల నెరిసేదాకా అక్కడే ఉండిపోయాను.

ఉస్తాద్‌ది శామీర్‌పేట దగ్గర పల్లె. తండ్రి వ్యవసాయం చేసేవాడట. వేళకు నమాజు, వేళకు చాయ్, మిగతా పొద్దంతా వెల్డింగు వెలుగు. మాట తక్కువ, పని ఎక్కువ. బాడీ కట్టడం ఒక్కటే కాదు, పట్టా వేసి తాడు బిగించడంలో కూడా ఆయన తర్వాతే ఎవరైనా. తాడు చివర ఒక్క గుంజు గుంజి, ముడి వైపు మళ్ళీ చూడకుండా చాయ్‌కి వెళ్ళిపోయేవాడు. "ఉస్తాద్ ఏసిన ముడి ఉస్తాదన్న ఇప్పాలె, పైనున్నోడన్న ఇప్పాలె" అనేవాడు మా పెయింటర్.

పెయింటర్ అందుకు పూర్తిగా ఎదురు. లారీల వెనక నెమళ్ళు గీసే చెయ్యి, ఆగని నోరు. కుంచె నోట్లో పెట్టుకుని కూడా మాట్లాడగలడు.

ఒకనాడు పొద్దున్నే ఒక పాత పికప్ వచ్చి ఆగింది. ముందు రెండు వరుసల సీట్లు, వెనక చిన్న తొట్టి. నడిపే ఆయన నలభైకి ఇటూ అటూ ఉంటాడు. బౌరంపేట్‌లో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లట. దిగీ దిగగానే ఫోను తీసి ఉస్తాద్ ముఖం ముందు పెట్టాడు.

"ఉస్తాద్, గిది జూడు. ఎనక మంచం. గిట్ల గుంజితే పొయ్యి బయటికొస్తది. గీ పక్కకు నీళ్ళ డ్రమ్ము. మీద పట్టా. అడివైనా, గుట్టైనా, యాడికి బోతే గాడ ఇల్లు."

ఉస్తాద్ చాలాసేపు చూశాడు. "సార్, లోడ్ ఎంత?"

"లోడ్ ఏముంటది ఉస్తాద్? మేం ముగ్గురం. నేను, మా ఆమె, పాప."

"మనుషులా?" అన్నాడు ఉస్తాద్, ఏదో కొత్త సరుకు పేరు విన్నట్టు. "మనుషులను టన్నులల్ల ఎట్ల లెక్కవెట్టాలె?"

"మా మామ లెక్కన వెట్టు ఉస్తాద్, ఒక్కడే క్వింటాలుంటడు. ఏ గుంతల పడ్డా బండి కింది పట్టీలు ఇరగయ్" అన్నాడు పెయింటర్.

ఉస్తాద్ నవ్వలేదు. రెండు షరతులు చెప్పాడు. "బండి నడుస్తున్నప్పుడు ఎనక ఎవ్వరు ఉండొద్దు సార్, ముందటనే కూసోవాలె. ఆపినంకనే ఎనక పండుకునుడు. ఇంకోటి, నేను ఏది ఎల్డింగ్ పెట్ట. అంత బోల్టుల మీదనే. బోల్టులు ఇప్పితే మల్ల మామూలు బండి గావాలె. లేకుంటే రేపు ఆర్టీఓ ఆఫీసోళ్ళు ఆపితే పరేషాన్ మీకే."

ఆయన సరే అన్నాడు. ఆయనకు ఎంత తొందరంటే, మర్నాడే భార్యనూ పాపనూ తీసుకొచ్చాడు చూపించడానికి. తీసుకొచ్చాడు అనకూడదు. ఆయన పికప్‌లో వచ్చాడు. వాళ్ళిద్దరూ వెనకాలే స్కూటీ మీద వచ్చారు. పాపకు తొమ్మిదేళ్ళుంటాయి. షెడ్డు గేటు దగ్గర దిగి అక్కడే నిలబడింది. "రా బిడ్డా, ఎండల ఎందుకు" అని పిలిచాను. మా షెడ్డుకు పైనుంచి కిందకు దిగే షట్టర్ ఉంటుంది. పాప దాని వైపు చూసింది, నా వైపు చూసింది, కదల్లేదు.

కాసేపటికి తల్లి నా మిషన్ దగ్గరికి వచ్చి కూర్చుంది. గుడ్డ రంగు చూస్తున్నట్టు చూస్తూ మెల్లగా చెప్పింది.

"లిఫ్టుల ఇరుక్కున్నదమ్మా. ఇదివరకు అపార్ట్‌మెంటుల ఉండేటోళ్ళం. కరెంటు పోయింది, ఒక్కతే ఉండె లోపల. మొత్తం ఇరవై నిమిషాలు గూడ కాదంటడు మా ఆయన. గప్పటినుంచి తలుపు ఏసిన కాడ ఉండదు. లిఫ్టు లేని ఇల్లు జూస్కొని బౌరంపేటకు అచ్చినం. ఇంట్ల గూడ అర్ర తలుపు తీసే ఉండాలె. లాడ్జికి పోతే తెల్లార్లు మంచం మీద కూసుంటది. కార్ల అద్దాలు దించకుంటే ఎక్కది. సెలవులొస్తే అందరు యాడికో పోతరు, మేం ఇంట్లనే."

"మరి గీ బండి?"

"గది ఆయన ఆశ. తలుపుల్లేని ఇల్లు జేస్త, దానికి ఎక్కడ నిద్రవడితే అక్కడ ఆపుదం అంటడు." ఆమె గుడ్డ అంచును వేలికి చుట్టుకుంది. "ఇందుల గూడ ఒక్కపారి బెదిరిందనుకో, ఇగ జన్మల ఎక్కదమ్మా. నాకు గదే భయం."

నాకు అర్థమైంది. మిగతా వాళ్ళకు అది కాంపింగ్ బండి. ఆమెకు అది ఆఖరి ప్రయత్నం.

ఆ సాయంత్రం ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన వెల్డింగ్ అద్దం పైకెత్తి గేటు వైపు చూశాడు, పాప ఇంకా అక్కడే ఉన్నట్టు. "అయితే అన్ని దిక్కుల తెరుసుకునేటట్టు కుట్టు అక్కా" అన్నాడు. అట్లాగే కుట్టాను. రెండు పక్కలా పట్టా పైకి చుట్టుకుంటుంది, లోపల దోమతెర. వాన వస్తే తప్ప దించే పనిలేదు. దించితే మాత్రం చుక్క లోపలికి రాకూడదు. అంచులు రెండు మడతలు వేసి, రెండు కుట్లు వేశాను. ఇత్తడి రింగులు కొట్టించాను. ఏనుగు లాగినా చిరగదని నాకే ముచ్చటేసింది.

తండ్రి రోజూ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కొత్త వీడియో. మందం టైర్లు, పైన దీపాలు, రాళ్ళకు తగలకుండా కింద రేకు. మంచివాడే. మాటల్లో ఒకసారి పాప సంగతి తీశాను. "పిల్లలు గదమ్మా, మర్చిపోతరు. ఒక్కపారి అడివి జూస్తే అన్ని మర్చిపోతది" అన్నాడు. ఎవరికి ధైర్యం చెప్పుకుంటున్నాడో నాకు తెలియలేదు.

పాప రోజూ రాదు గానీ, వచ్చిన రోజు గేటు దగ్గరే నిలబడేది. పెయింటర్ ఊరుకుంటాడా? డబ్బా పట్టుకుని గేటు దగ్గరికే వెళ్ళాడు.

"మీ నాయిన బండి మీద ఒక్క రాత గూడ రాయొద్దన్నడు. నా చెయ్యి గులగుల అంటాంది. నువ్వు జెప్పు, ఏం బొమ్మ గియ్యాలె? నెమలి? పులి?"

పాప ఆలోచించింది. "కప్ప."

"కప్పనా? ఇన్నేండ్లు నెమళ్ళు గీసిన చెయ్యి ఇది!"

"కప్ప ఇంట్ల ఉండదు, వానలనే ఉంటది. అందుకే."

వెనక తలుపు మూలన అరచేయంత కప్పను గీశాడు. గొణుక్కుంటూనే గీశాడు గానీ, దాని కళ్ళకు పెట్టినంత పని ఏ నెమలి ఈకకూ పెట్టి ఉండడు.

ఇక మా షెడ్డు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. బాడీ పూర్తయ్యాక నిమ్మకాయలు, గుమ్మడికాయ సరే, అవి అందరూ చేసేవే. మేము దానికి ముందు లోడు పరీక్ష, నీళ్ళ పరీక్ష చేస్తాం. ఇసుక సంచులు వేసి గుంతల దారిలో తిప్పుతాం, ఏది గలగలమంటుందో వింటాం. తర్వాత పట్టా కట్టి, కింద పొడి బస్తాలు పెట్టి, పైనుంచి నీళ్ళు కుమ్మరిస్తాం. బస్తా తడిస్తే అది నా తప్పు. ఉస్తాద్ ఆ రెండూ చూడకుండా ఏ బండినీ ఓనరుకు ఇచ్చేవాడు కాదు.

ఆ రోజు మధ్యాహ్నం పికప్‌ను శామీర్‌పేట చెరువు వైపు తీసుకెళ్ళాం. రాళ్ళదారి, పక్కన గుట్టబండలు, దూరంగా నీళ్ళు. మా ముగ్గురితో పాటు తండ్రి. వెనకాల స్కూటీ మీద తల్లీ పాపా. గుంతల్లో బండి బాగానే నడిచింది. ఉస్తాద్ చెవి పెట్టి విని, ఒక్క బోల్టు బిగించి, తల ఊపాడు. చెట్టు కింద ఆపి నీళ్ళ పరీక్షకు సిద్ధమయ్యాం. తల్లి, "గింత మందికి చాయ్ గావాలె గద" అని స్కూటీ మీద రోడ్డు మీది హోటల్‌కు వెళ్ళింది.

"బస్తాలెందుకు ఉస్తాద్? ఇది బస్తాల బండి గాదు. నేనే కూసుంట, ఎక్కడ కారుతదో నేనే జూస్త" అన్నాడు తండ్రి. నా కుట్టు నేను చూసుకోవాలని నేనూ ఎక్కాను. పరుపు మెత్తగా ఉందా లేదా చూడాలని పెయింటర్ ఎక్కి, ఎక్కీ ఎక్కగానే కాళ్ళు చాపాడు. నీళ్ళ పని కదా అని ఫోన్లు, నా సంచీ, కత్తెర, అన్నీ ముందు సీట్లో పెట్టేశాం.

"వస్తవా బిడ్డా?" అని తండ్రి చెయ్యి చాపాడు.

"నేను బయటనే చూస్త డాడీ."

ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉస్తాద్ వెనక తలుపు లేపి, బయట కొక్కేలు వేసి, పిన్నులు దింపాడు. లోపలి దోమతెరలు చుట్టే ఉంచి, పక్క పట్టాలు దించాడు. రింగుల్లోంచి తాడు తీసి, కింద హుక్కులకు చుట్టి, చుట్టూ తిరిగి వచ్చి చివర గుంజు గుంజాడు. బిందెతో నీళ్ళు పోశాడు. లోపల మేము తడుముకుంటూ చూశాం. చుక్క లేదు. "శభాష్ అక్కా" అన్నాడు పెయింటర్. నాకు గర్వంగా అనిపించింది.

అప్పుడే దూరంగా మసీదు నుంచి అజాన్ వినిపించింది.

పిల్లల్లారా, చేతి అలవాటు అంటే ఏమిటో ఇక్కడ చూడండి. ఉస్తాద్ జీవితమంతా ఏం చేశాడు? లోడు ఎక్కించాడు, పట్టా వేశాడు, తాడు కట్టాడు, వెళ్ళిపోయాడు. ఆ రోజూ అంతే. ముడి పడింది, నమాజు వేళయింది, "ఇప్పుడే వస్త" అని పాపతో ఒక మాట అని నడిచాడు. మమ్మల్ని మరిచిపోయాడు అనలేను. లోడును ఎవరూ మరిచిపోరు కదా. కట్టాం కాబట్టి భద్రంగా ఉందనుకుంటారు, అంతే.

ఆయనను మాత్రమే అని ఏం లాభం? తాడు బయటికి వచ్చేట్టు రింగులు కొట్టించింది నేను. కొక్కేలు బయట పెట్టింది ఆయన. ఆ కొక్కేల మీద రంగు వేసింది పెయింటర్. లోపల ఉండేది మనుషులని ఇన్నాళ్ళూ నోటితో అంటూనే ఉన్నాం. చేతులకు మాత్రం చెప్పలేదు.

ఇంతలో నిజం వాన వచ్చింది. మామూలు వాన కాదు, పట్టా మీద కంకర పోసినట్టు. ఉస్తాద్ మసీదులో, తల్లి హోటల్ రేకు కింద చిక్కుకున్నారు.

మొదట నవ్వుకున్నాం. "ఉస్తాద్, ఇగ చాలు, మేం పాసైనం!" అని పెయింటర్ అరిచాడు. జవాబు లేదు. తలుపు నెట్టాడు. కదల్లేదు. నేను పట్టా అంచు పట్టి లాగాను. నా రెండు మడతలు, నా రెండు కుట్లు. బెత్తెడు కూడా లేవలేదు. రింగుకూ రింగుకూ మధ్య ఒక్కచోట మాత్రం వేళ్ళు పట్టేంత సందు.

లోపల చీకటి పడింది. ముగ్గురి ఊపిరి, కొత్త టార్పాలిన్ వాసన, ఉక్క. పెయింటర్ మాటలు ఆగిపోయాయి. ఆయన మాట ఆగడం అన్నేళ్ళలో అదే మొదటిసారి వినడం. అప్పుడు నా పక్కన చప్పుడు మొదలైంది. తండ్రి తలుపును అరచేతులతో కొడుతున్నాడు. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. "ఉస్తాద్! ఎవరన్న ఉన్నరా? తియ్యుండ్రి! ఓ... తియ్యుండ్రి!" గొంతు మారిపోయింది. చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. "గాలి లేదమ్మా, గాలి లేదు" అంటున్నాడు. గాలి ఉంది. నాకు తెలుసు. ఆయనకు తెలియడం లేదు.

"డాడీ."

పట్టా అవతల, నా మోకాలి దగ్గర వినిపించింది.

"బిడ్డా! తాడు ఇప్పు! గా తాడు గుంజు, జల్దీ!"

కాసేపు తాడు కదిలింది. పట్టా వణికింది. "రాట్లేదు డాడీ. మస్తు గట్టిగుంది. తడిసింది."

"అయితే ఉరుకు! ఉస్తాద్‌ను పిల్సుకరా! పో!"

జవాబు రాలేదు. వాన చప్పుడు. వెళ్ళిపోయిందనుకున్నాను. ఎవరో ఒకరు బయట ఉన్నారు అనుకోవడానికీ, లేరు అనుకోవడానికీ ఉన్న తేడా అంత పెద్దదని నాకు అంతకుముందు తెలియదు.

మళ్ళీ ఆ గొంతే. "నేను పోతే మీ దగ్గర ఎవరుంటరు?"

తలుపు మీద తండ్రి చేతులు ఆగిపోయాయి.

"అప్పుడు గూడ అందరు పోయిండ్రు డాడీ. నువ్వు వాచ్‌మన్ అంకుల్ కోసం పోయినవ్. అమ్మ మెట్ల మీదికెల్లి కిందికి పోయింది. పక్కింటాయన తాళంచెవి కోసం పోయిండు. నేను పిలుస్తనే ఉన్న. అందరు పోయిండ్రనుకున్న." ఆగి, మళ్ళీ అంది. "నేను పోను. ఉస్తాద్ తాత వస్తడు. ఇప్పుడే వస్త అన్నడు. అప్పటిదాంక ఈడనే ఉంట. చెయ్యి పెట్టుండ్రి."

సందులోంచి చిన్న వేళ్ళు లోపలికి వచ్చాయి, వానకు చల్లగా. తండ్రి వాటిని పట్టుకున్నాడు.

"డాడీ, నేను బయట ఏముందో చెప్త, వినుండ్రి. బర్రెలు పోతున్నయ్, నాలుగో అయిదో. ఒక బర్రె ఆగింది, మన బండిని జూస్తాంది. కొంగ ఒకటి బండ మీద కూసుంది, తడుస్తనే ఉంది. చెరువు కనబడ్తలేదు, అంత తెల్లగుంది. ఇప్పుడు జర కనబడ్తాంది. అమ్మమ్మా, మీరున్నరా?"

"ఉన్న బిడ్డా" అన్నాను నేను.

"పెయింటర్ అంకుల్?"

"ఉన్న తల్లి" అన్నాడు పెయింటర్. "నా కప్ప ఏం జేస్తాంది?"

"తడుస్తాంది. మంచిగుంది దానికి."

మేము నవ్వాం. తండ్రి కూడా నవ్వాడు, ఏడుస్తున్నట్టు. ఆ తర్వాత ఆయన ఊపిరి మెల్లగా దారికి వచ్చింది. ఆ పిల్ల ఎంతసేపు చెప్పిందో లెక్క తెలియదు. ఆ చెరువు గట్టును నేను చాలాసార్లు చూశాను గానీ, ఆ రోజు చూసినంత వివరంగా ఎప్పుడూ చూడలేదు. అదీ కళ్ళకు ఏమీ కనబడకుండా.

ఉస్తాద్ పరుగెత్తుకుంటూ వచ్చిన చప్పుడు, ఒక్క గుంజు, తాడు జారిన చప్పుడు. వెలుగు వచ్చింది. పైజామా మోకాళ్ళదాకా బురద, టోపీ తడిసి తలకు అంటుకుపోయింది. "యా అల్లా, లోడ్ కట్టినట్టు కట్టిన, లోడ్ కట్టినట్టు కట్టిన" అని నెత్తి కొట్టుకుంటున్నాడు. పాప నిండా తడిసి, పళ్ళు టకటకమంటూ ఆయన ముందు నిలబడింది.

"తాతా, మీరు చెప్పకుండ పోయిండ్రు."

"చెప్పిన గద బిడ్డా, నీకు. ఇప్పుడే వస్తనని..."

"నాకు గాదు. లోపలోళ్ళకు చెప్పాలె."

ఉస్తాద్ తల వంచుకున్నాడు. అంత పెద్ద మనిషి తల వంచుకోవడం చూసి పాపకే పాపం అనిపించినట్టుంది, ఆయన చేతిలోంచి తాడు తీసుకుని చుట్ట చుట్టడం మొదలుపెట్టింది.

తండ్రి వెనక తలుపు మీద కూర్చుని ఉండిపోయాడు. కాసేపటికి పాపను దగ్గరికి లాక్కుని, "నేను వాచ్‌మన్ కోసమే ఉరికిన బిడ్డా. నీ కోసమే ఉరికిన" అన్నాడు.

"తెలుసు డాడీ" అంది పాప. "కానీ నాకు కనబడలె గద."

చాయ్ ఫ్లాస్కుతో తల్లి వచ్చేసరికి అందరం తడిసి ముద్దయి ఉన్నాం. భర్త ముఖమూ, పాప ముఖమూ చూసి ఆమె ముందు భయపడింది. పాప బెదిరిందనుకుంది. సంగతి చెప్పాక ఫ్లాస్కు కింద పెట్టి, పాప తల తుడుస్తూ అటు తిరిగి నిలబడింది.

బండి మర్నాడు ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. తండ్రి కూడా తొందర పెట్టలేదు. ఆ తర్వాత ఒక్క వీడియో కూడా చూపించలేదాయన. ఉస్తాద్ బయటి కొక్కేలు విప్పేసి, లోపలి నుంచీ బయటి నుంచీ తెరుచుకునే గడియ చేశాడు. నేను రింగులన్నీ విప్పి, తాళ్ళు లోపలికి వచ్చేలా మళ్ళీ కుట్టాను. పాపను అడిగాను, ఇంకేమన్నా కావాలా అని. పక్క పట్టాకు చిన్న సందు కావాలంది, పడుకుంటే చెయ్యి బయటికి వచ్చేంత. ఆ కొలత తీసుకోవడానికే ఆమె మొదటిసారి గేటు దాటి, మిషన్ దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. షట్టర్ వైపు చూసింది గానీ, వచ్చింది. మోచేతి దాకా కొలిచి, మీద మూత పెట్టి కుట్టాను.

గడియ పూర్తయ్యాక ఉస్తాద్, "పరీక్ష నువ్వే జెయ్యాలె" అన్నాడు పాపతో. పాప తొట్టిలోకి ఎక్కింది. పక్క పట్టాలు పైకే ఉన్నాయి. వెనక తలుపును తనే లేపుకుంది, దానికి కాస్త బలం చాలక పెయింటర్ ఒక వేలు సాయం పట్టాడు. లోపలి నుంచి గడియ వేసింది. టక్. తీసింది. టక్. వేసింది. తీసింది. అవతల రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి గానీ, మా షెడ్డులో పనులన్నీ ఆగిపోయాయి. పక్క పట్టా దించమని తనే అడిగింది. ఒకటే దించాం. సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. తల్లి వెళ్ళి దాన్ని పట్టుకుంది.

భయం పోయిందని నేను చెప్పను. అట్లా ఒక్క రోజులో పోయేదైతే అది భయమే కాదు. మొదటిసారి అడివి దాకా వెళ్ళి వచ్చాక వాళ్ళు షెడ్డుకు వచ్చారు. పాప నా మిషన్ మీద చెయ్యి పెట్టి చూపించింది. ముంజేయి నిండా దద్దుర్లు.

"ఇవేందే తల్లీ?"

"దోమలు అమ్మమ్మా. రాత్రంత చెయ్యి బయటనే పెట్టి పండుకున్న."

"మరి నిద్ర వట్టిందా?"

"పట్టింది" అంది, ఎవరో బహుమతి ఇచ్చినట్టు ఆ దద్దుర్లను చూసుకుంటూ. ఆ సందుకు కూడా దోమతెర సంచీ ఒకటి కుట్టి ఇచ్చాను, చెయ్యికి చొక్కా తొడిగినట్టు.

ఇప్పుడు నేను షెడ్డుకు పోవడం లేదు, కంటిచూపు దబ్బనానికి సరిపోవడం లేదు. ఇంట్లో ఎవరైనా బాత్రూమ్ గడియ పడి ఇరుక్కుంటే మాత్రం నేను సుత్తి కోసం పోను. అది వేరేవాళ్ళు తెస్తారు. నేను తలుపు దగ్గర నిలబడి కబుర్లు చెబుతాను. బయట ఏముందో చెబుతాను. వంకాయ కూర మాడిపోతోందని కూడా చెబుతాను.

ఉస్తాద్ ఇంకా పనిచేస్తూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి ఇటుకల బండి కానీ, ఇసుక బండి కానీ, వెనక తలుపుకు లోపలి వైపు కూడా ఒక గడియ పెట్టకుండా వదలడు. ఈమధ్య ఒక ఓనరు అది చూసి పగలబడి నవ్వాడట. "ఏంది ఉస్తాద్, ఇటుకలు లోపలికెల్లి తలుపు తీస్కుంటయా?"

"తీస్కోవు" అన్నాడట ఉస్తాద్, బోల్టు బిగిస్తూ. "అయినా ఉండనీ సార్."